బలానికి మందు

మా అక్కకు చెంప లోపల పుండు లేచి ఆరు నెలలైనా ఇంట్లో ఎవరికీ తెలియదు. రోజూ పొద్దున్నే పొగాకు కాల్చి నూరిన మిసిరి పళ్లకు రుద్దుకోవడం ఆమెకు పెళ్లైనప్పటి నుంచీ అలవాటు. వాళ్ల ఊరు చింతకిలో ఆమె ఈడు ఆడవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటే. పుండు మండినప్పుడల్లా ఆ మిసిరినే ఇంకాస్త గట్టిగా అద్దుకునేదట, తిమ్మిరెక్కితే మంట తెలియదని. నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోనప్పుడు బావ ఆమెను ఔరాద్ తీసుకుపోయాడు. అక్కడి నుంచి బీదర్, బీదర్ నుంచి హైదరాబాద్. కోశారు, క్యాన్సరుకు పెట్టే కరెంటు పెట్టారు. ఎనిమిది నెలలు బాగుంది. తర్వాత అదే చెంప బయటివైపు పగిలింది.

మళ్లీ తీసుకుపోతే డాక్టరు ఫైలు చూసి మూసేశాడు. "ఇంటికి తీసుకుపోండి. ఏది తినాలనిపిస్తే అది పెట్టండి" అన్నాడు బావతో. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరుచుకోని మనిషికి ఏం పెట్టాలి, ఎట్లా పెట్టాలి అని అడగాల్సింది. అడగలేదు. చేతులు జోడించి బయటికి వచ్చాను. మా వెనక వరుసలో ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు.

అక్కను బీదర్ శివారు నౌబాద్‌లో మా ఇంటికి తెచ్చారు. రెండు గదుల కిరాయి ఇల్లు. మా ఆయన లేత్ మిషన్ మీద పనిచేస్తాడు, నేను అప్పట్లో సంచులు కుట్టే యూనిట్‌కు పోయేదాన్ని. దవాఖానలు దగ్గర కాబట్టి మా ఇంట్లో ఉంచుదామని బావ అన్నాడు. అసలు కారణం వాసన. అది ఆయన నోటితో అనలేదు, నేనూ అనిపించలేదు. కంది చేను పనుందని వెళ్లిపోయి ఆదివారాలు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా గడప దగ్గరే చెప్పులేసుకుని నిలబడి, "ఎట్లుంది?" అని నన్ను అడిగేవాడు. మంచం మీద ఉన్న మనిషిని అడిగేవాడు కాదు.

ఆ వాసన గురించి రాయకుండా దాటేయవచ్చు. చాలామంది దాటేస్తారు. కానీ మా అక్కను చంపింది జబ్బు అయితే, చనిపోకముందే ఆమెను మనుషుల్లోంచి తీసేసింది ఆ వాసన. ఊదుబత్తులు పెట్టాం, సాంబ్రాణి వేశాం, వేపాకు ఉడికించి కడిగాం. గంట తిరిగేసరికి మళ్లీ అంతే. పక్కింటామె కిటికీ మూసుకుంది. ఇంటాయన వచ్చి, "దవాఖాన్ల షరీక్ చెయ్యరాదమ్మా, ఇండ్ల ఎందుకు?" అన్నాడు. ఏ దవాఖాన చేర్చుకోదని చెబితే నమ్మలేదు.

అక్క కూతురు ఒకసారి వచ్చింది. గడప దాటగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. రెండు క్షణాల్లో తీసేసింది, పాపం. కానీ అక్క చూసింది. ఆ పిల్ల పోయాక నన్ను దగ్గరికి పిలిచి, పళ్ల సందుల్లోంచి మాట తీస్తూ, "దాన్ని రావద్దను" అంది. అప్పటి నుంచి మొహం గోడవైపే పెట్టుకుని పడుకునేది.

నొప్పికి మందుల షాపులో ఇచ్చిన మాత్రలు నీళ్లలో కరిగించి పోసేదాన్ని. అవి మా యూనిట్‌లో తలనొప్పికి వేసుకునే మాత్రలే. ఊళ్లో ఒక డాక్టరు దగ్గరికి పోయి ఇంతకంటే గట్టి మందు ఇవ్వమని అడిగాను. "దానికి వేరే పర్మిషన్ కావాలమ్మా, మా కాడ ఉండదు. ఇంకెన్ని దినాలు గని, జర ఓర్సుకోమను" అన్నాడు. ఓర్చుకోమని అక్కకు నేను చెప్పలేదు. ఆమె అప్పటికే ఓర్చుకుంటోంది. దుప్పటి అంచు నోట్లో పెట్టుకునే వీలు కూడా లేదు. పిడికిట్లో పట్టుకుని మెలితిప్పేది.

ఒకరోజు మధ్యాహ్నం గుడ్డ మారుస్తున్నాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"చెల్లె, నేను బత్కనా?"

"గదేం మాట అక్కా? కంది కోతకల్లా నువ్వే చేన్ల నిలవడ్తవు."

అక్క నా మొహంలోకి చూసింది. నేను గిన్నెలోకి చూశాను. ఆమె నా చెయ్యి వదిలేసింది. ఆ తర్వాత ఇరవై రోజులు బతికింది. నీళ్లు కావాలనీ, పక్క మార్చమనీ తప్ప నాతో ఇంకో మాట మాట్లాడలేదు. ఏదో చెప్పాలనుకుని అడిగింది కదా. ఆ చెప్పాలనుకున్నది ఏమిటో నేను రానివ్వలేదు.

ఒక ఉదయం పదకొండు గంటలప్పుడు నేను వెనక గుడ్డలు ఉతుకుతుంటే పోయింది. మా ఆయన కేకేసి పిలిచాడు.

చింతకికి తీసుకుపోయి అన్నీ అయ్యాక బావ అరుగు మీద కూర్చుని అన్నాడు: "హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు మూడు సార్లన్నది నాతోని, ఇంటికి తీస్కపో, నా ఇంట్ల పోత అని. నయమైనంక పోదాం అన్న. నయం గాదని నాకెర్కే గద. గట్లెట్ల చెప్తరు?"

నేను చెప్పిందీ అదే అబద్ధం. మేమిద్దరం మాట్లాడుకోకుండానే ఒకటే అబద్ధం పట్టుకుని ఆమెను రెండు వైపుల నుంచీ మూసేశాం.

పన్నెండో రోజు నౌబాద్‌కు తిరిగి వచ్చాను. ఆ మరుసటి రోజే మా వాకిట్లో ఒక స్కూటీ ఆగింది. భుజాన సంచి, తెల్ల కోటు లేని ఒక నర్సమ్మ. బసవకళ్యాణ్ వైపు మనిషి. ఇళ్లకు వచ్చి, ఇక నయం కాని రోగులను చూసే చిన్న సంస్థ ఒకటి ఉందనీ, మా అక్క గురించి ఎవరో చెబితే వచ్చాననీ కన్నడం కలిసిన తెలుగులో చెప్పింది. ఆ కబురు చీటీ నెల కింద రాసినదట. చేతులు మారి మారి ఆమె దాకా చేరేసరికి ఇంతైంది.

"పేషెంట్ ఎక్కడ?" అంది.

"పోయింది" అన్నాను.

ఆమె వెళ్లిపోలేదు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, అక్క మంచం ఉన్నచోట, ఖాళీ నేల మీద కూర్చుంది. ఎట్లా చూసుకున్నావు, ఏం పెట్టావు, ఎట్లా కడిగావు అని అన్నీ అడిగింది. అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. వాసన సంగతి వచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. ఊదుబత్తుల గురించి చెప్పాను. ఆమె తల వంచుకుంది.

"నోడవ్వా, చూడు, నీకు చెప్పాల్నా వద్దా తెలుస్తలేదు" అంది. "దానికి ఒక మాత్ర ఉంటది. పొడి చేసి పుండు మీద చల్లితే వాసన పోతది. మూడు నాలుగు దినాల్ల తగ్గుతది."

"ఏం మాత్ర?"

పేరు చెప్పింది. నేను లేచి అల్మారా తెరిచాను. పై అరలో, డబ్బాలో, సగం వాడిన మాత్రల పట్టీ ఉంది. మా ఆయనకు విరేచనాలైనప్పుడు తెచ్చినవి. అక్క మా ఇంట్లో ఉన్నన్ని రోజులూ అవి ఆమె తలకు నాలుగు అడుగుల దూరంలోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో కోసిన డాక్టరుకు తెలుసు, బీదర్‌లో ఓర్చుకోమన్న డాక్టరుకు తెలుసు. ఒక్కరూ ఒక్క ముక్క చెప్పలేదు. తెలిసి ఉంటే మా అక్క కూతురు పక్కన కూర్చునేది. మా అక్క మొహం ఇటు తిప్పుకుని పోయేది.

ఆ పట్టీ చేతిలో పట్టుకుని నర్సమ్మను నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పుడెందుకొచ్చావన్నాను. ఆమె విన్నది. నేను ఆగిపోయాక, "నువ్ ఇంత చేసినవు గదా, ఇంకొకరికి చేస్తవా? మాకు మనుషుల్లేరు" అంది.

నెల తర్వాత చేరాను. ఈ పనిలోకి ఎట్లా వచ్చావని అడిగినవాళ్లకు నేను అక్క పేరు చెబితే, "ఎంత మంచి మనసమ్మా" అంటారు. మంచి మనసు కాదు. కోపం. ఎవరి మీద తీర్చుకోవాలో తెలియని కోపం. మా ఆయన, "ఇంట్ల ఒక్క సావు సాలదా? ఊరందరి సావు నీకెందుకు?" అన్నాడు. సంచి భుజాన వేసుకుని పోయాను.

పని నర్సమ్మే నేర్పింది. మంచం మీది మనిషిని నొప్పి లేకుండా పక్కకు తిప్పడం, తిరగేయకపోతే వీపు పుండు పడే చోట్లు, ఎండిన నోటిని తడిగుడ్డతో తుడవడం, గొట్టంతో పాలు పోయడం. గట్టి మందు ఉందనీ, అది మా సంస్థ డాక్టరు చేతి మీదుగా, లెక్క ప్రకారం వస్తుందనీ అప్పుడే తెలిసింది. మొదటిసారి ఆ మాత్ర వేసుకున్న ఒక ముసలాయన గంట తర్వాత కాళ్లు చాపుకుని నిద్రపోయాడు. వాళ్లింట్లో అందరూ సంతోషించారు. నేను వాళ్ల వెనక గదిలోకి పోయి గోడకు తల ఆనించుకున్నాను.

వీధిలో మాత్రం మా పేరు పాడైంది. స్కూటీ తమ వాకిలి ముందు ఆపొద్దనేవాళ్లు. సంచి మీద రాసిన అక్షరాలు కనబడకుండా తువ్వాలు కప్పుకు రమ్మనేవాళ్లు. మా గల్లీలో ఒక పెళ్లికి పోతే పసుపు దంచేచోట ఒకామె నా చేతిలోని రోకలి మెల్లగా తీసుకుని, "నువ్వు కూసోరాదు, అలిసినట్టున్నవు" అంది. నేను అలిసిపోలేదు. రెండేళ్ల తర్వాత తన తండ్రి మంచాన పడ్డప్పుడు ఆమే నాకు ఫోన్ చేసింది. పోయాను. రోకలి మాట ఎత్తలేదు. మరిచిపోనూ లేదు.

ఇక సార్ సంగతి.

ఆయన రిటైరైన లెక్కల మేష్టారు. ముప్పై ఏళ్లు కన్నడ మీడియం బడుల్లో చెప్పారు. ఇంట్లో మాట తెలుగే. ఔరాద్ వైపు నుంచి వచ్చి బీదర్‌లో ఇల్లు కట్టుకున్నారు. పొట్టలో గడ్డ, కాలేయం దాకా పాకింది. ఒక్క కొడుకు, ఆఫీసు ఉద్యోగం. మొదటి రోజు నన్నూ నర్సమ్మనూ గేటు దగ్గరే ఆపేశాడు.

"లోపలికి వచ్చే ముందు ఒక్క మాట. నాన్నకు బీమారి పేరు తెల్వదు. తెల్వొద్దు. తెలిస్తే ధైర్యం ఇడుస్తడు. మీరు బలానికి మందు ఇచ్చెటోల్లమని చెప్పుండ్రి. అమ్మకు గూడ గదే చెప్పిన."

నర్సమ్మ అంది: "మేమై మేము చెప్పం సార్. కాని అడిగితే అబద్ధం చెప్పం. ముందుగాల మీరందరు కూసోని మాట్లాడుకుంటే మంచిది."

"చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాం రెండు నెలలు నడిచింది.

సార్ భార్య మాకు ప్రతిసారీ చాయ్ ఇచ్చేది. అరవై దాటిన మనిషి. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు, కదిలితే చప్పుడు. "బలానికి మందు ఇస్తున్రు గద, మొకంల జర కళ వచ్చింది" అనేది. నేను "అవునమ్మా" అనేదాన్ని. అంత తేలిగ్గా వచ్చేది ఆ మాట.

నొప్పి అదుపులో ఉండటంతో సార్ కూర్చునేవారు, పేపరు చదివేవారు. నేను వారానికి రెండుసార్లు ఒక్కదాన్నే పోయి ఒళ్లు తుడిచి వచ్చేదాన్ని. ఒకరోజు ఉదయం ఆయన గోళ్లు తీస్తున్నాను. భార్య వంటింట్లో ఉంది. కొడుకు ఆఫీసుకు పోయాడు.

"బిడ్డా, నాకు లెక్కలొస్తయి" అన్నారు.

"ఎర్కనే సార్."

"నెల కింద ఎంత తూకముంటి, ఇప్పుడెంతున్న, చూస్తనే ఉన్న. బలానికి మందైతే బలం రావాలె గద. నిజం చెప్పు. దసరా చూస్తనా?"

నా చేతిలో ఆయన చెయ్యి ఉంది. అక్క కూడా అట్లాగే పట్టుకుంది. నర్సమ్మ నేర్పిన ప్రకారం, "మీకేమనిపిస్తుంది సార్?" అని అడిగాను.

"చూడననిపిస్తాంది."

"నాకూ అట్లనే అనిపిస్తాంది సార్."

నేను భయపడ్డట్టు ఆయన ధైర్యం విడవలేదు. ఏడవలేదు. పెద్దగా ఊపిరి వదిలి, "రెండు నెల్ల నుంచి ఈ ఇంట్ల నేనొక్కన్నే నాటకం చూస్తున్న అనుకున్న. సరే, పెన్ను కాగితం ఇయ్యి" అన్నారు.

కన్నడంలో రాశారు, వంకర లేని బడి అక్షరాలతో. రాసి, నాకు తెలుగులో చదివి వినిపించారు. తను పోయాక భార్య గాజులు పగలగొట్టవద్దు, మెట్టెలు తీయవద్దు, బొట్టు చెరపవద్దు, ఇది తన మాట, కొడుకు దీన్ని జరిపించాలి. కింద సంతకం.

"మా అమ్మకు చేసిన్రు" అన్నారు. "నాకు తొమ్మిదేండ్లు. చేతికి గాజు పెంకు గుచ్చుకుని రక్తం కారుతుంటే మా మేనత్త దుడుస్తుండె. దీన్ని పండుగ లెక్క చేసిన్రు బిడ్డా. ఈమెకు చెయ్యనియ్య. ఐతారం అందరు ఉంటరు, అప్పుడు నేనే చెప్త."

కాగితం దిండు కింద పెట్టుకున్నారు. నేను ఇంటికి వచ్చేటప్పుడు చాలా రోజుల తర్వాత ఛాతీ తేలికైనట్టుంది. అక్క దగ్గర చేయలేనిది చేశాననుకున్నాను. నర్సమ్మ ఆ వారం తమ ఊరికి పోయి ఉంది. వచ్చాక చెబుదామనుకున్నాను. ఫోన్ చేయవచ్చు. చేయలేదు.

ఆదివారం దాకా ఆగలేదు. శనివారం దుప్పటి మారుస్తూ కొడుకు ఆ కాగితం చూశాడు.

సోమవారం ఉదయం నేనూ నర్సమ్మా పోయేసరికి గేటుకు తాళం. కొడుకు లోపలి నుంచి వచ్చాడు. చేతిలో మేమిచ్చిన మాత్రల పట్టీలు.

"చెప్పొద్దన్ననా లేదా? అన్ననా లేదా?" అని అరిచాడు. "నిన్నటిసంది అన్నం ముడ్తలేడు. చచ్చిపోతనని కాగితం రాసి పెట్టిండు. మీరు చంపిన్రు మా నాన్నను."

నర్సమ్మ నా వైపు చూసింది. ఆమెకు ఏమీ తెలియదు. అయినా, "సార్, తప్పుంటే మాది. మందు మాత్రం ఆపొద్దు. ఒక్కసారి ఆపితే నొప్పి తట్టుకోలేరు" అంది.

"మీ మత్తుమందు మీరే తీస్కపోండ్రి. అది తినపెట్టే గిట్ల పిచ్చి రాతలు రాపిచ్చిన్రు."

పట్టీలు గేటు సందులోంచి బయటికి పడేశాడు. నేను వంగి ఏరుకున్నాను. మూసిన కిటికీ అద్దం వెనక సార్ భార్య నిలబడి ఉంది. ఏం జరుగుతోందో అర్థం కాని మొహం. నన్ను చూసి చెయ్యి కొంచెం ఎత్తింది.

నర్సమ్మ ఆ వారంలో మూడుసార్లు పోయింది. మా డాక్టరు ఫోన్ చేశాడు. గేటు తీయలేదు. ఎనిమిదో రోజు సార్ పోయారు. ఆ ఎనిమిది రోజులూ ఆయన అరుపులు రోడ్డు దాకా వినిపించాయని ఎదురింటివాళ్లు చెప్పారు. చివరి రెండు రోజులు అరిచే శక్తి కూడా లేదన్నారు.

నర్సమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆఫీసు మెట్ల మీద కూర్చుని అడిగింది: "ఆయనడిగిండు, నువ్ చెప్పినవు. అది తప్పు కాదు. కాని చెప్పినంక ఆయన్ను ఒక్కన్ని ఇడ్సిపెట్టి వచ్చినవు. అదే దినం కొడుకును పిలిచి, తల్లిని పిలిచి, అందర్ని కూసోబెట్టాల. నాకెందుకు ఫోన్ చెయ్యలె?"

ఎందుకు చేయలేదో నాకు తెలుసు. ఆ సంతోషం నా ఒక్కదానికే కావాలనిపించింది. అక్కతో నాకున్న బాకీ ఆయన మంచం మీద తీర్చుకున్నాను. నొప్పి మాత్రం ఆయన పడ్డారు.

మరుసటి నెలలో ఊళ్లో మాకు సన్మానం చేశారు. హాలు నిండా కుర్చీలు, బ్యానరు మీద మా సంస్థ పేరు తప్పుగా రాశారు. పెద్దమనిషి రావడానికి మూడు గంటలు ఆలస్యమైంది. ఆ మూడు గంటలూ నౌబాద్‌లో ఒకామె కట్టు మార్చేవాళ్లు రాక కూర్చుని ఉంది. స్టేజీ మీద నుంచి లేచిపోతే బాగుండదని మమ్మల్ని కదలనివ్వలేదు. పెద్దమనిషి వచ్చి, మరణానికి భయపడని మహాతల్లులని పొగిడి, శాలువా నా భుజాల మీద వేసి ఫోటో తీయించుకున్నాడు. దిగిపోతూ పక్కవాడిని చేతులు కడుక్కోవడానికి నీళ్లడిగాడు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. అందరికీ వినిపించింది, ఎవరూ నవ్వలేదు. శాలువా నేను ఆ సాయంత్రమే ఒక రోగి మోకాళ్ల కింద మడతపెట్టి పెట్టాను. దానికి బాగా పనికొచ్చింది.

సార్ పోయిన నాలుగు నెలలకు, ఒక మధ్యాహ్నం, ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. అడ్రసు ఎట్లా కనుక్కుందో. ఆటో దిగి వాకిట్లో నిలబడింది. చేతులు బోసిగా ఉన్నాయి. నుదురు బోసిగా ఉంది. నడిచివస్తుంటే చప్పుడు లేదు.

లోపల కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. తాగలేదు.

"ఆయనేదో కాగితం రాసిండట గద" అంది. "నా కోడలు నోరు జారింది. కొడుకునడిగితే చింపేసిన అన్నడు. ఏం రాసిండో చెప్పడు. నువ్వుంటివట. ఏం రాసిండు?"

చెప్పాను. ఆయన చదివి వినిపించినట్టే, ఒక్క మాట వదలకుండా. తొమ్మిదేళ్ల పిల్లవాడు చూసింది కూడా చెప్పాను. ఆమె వింటున్నంతసేపూ కుడిచేత్తో ఎడమ మణికట్టును చుట్టి పట్టుకుని ఉంది.

"పదో దినం నాడు" అంది, "ఆడోల్లందరు పట్టుకున్నరు. నేను వద్దన్న. ఇది ఆయన కోసం చేస్తున్నమన్నరు. ఆయన కోసమే అనుకొని చేతులిచ్చిన."

ఆమె మణికట్టు వదిలి నా వైపు తిరిగింది.

"ఆయనకు చెప్పినవు. మంచిగ చేసినవు. నాకెందుకు చెప్పలె?"

"మీ కొడుకు వద్దన్నడమ్మా."

"ఆయనకు గూడ వద్దన్నడు గద. ఆయనకు చెప్పినవు. నేను ఇంట్లనే ఉంటి. చాయ్ ఇస్తుంటి నీకు. బలానికి మందేనా బిడ్డా అని నేనడగలేదా? అవునమ్మా అన్నవు. ఆయన లెక్కల మాస్టర్, నాకు సదువు రాదు, అందుకా?"

అందుకు కాదని చెప్పాలనుకున్నాను. ఆయన రోగి. ఆయన అడిగితే చెప్పాలని నేర్పారు. ఆమె వంటింట్లో మనిషి. ఆమెను లెక్కలోకి తీసుకోవాలని నాకు తట్టనే లేదు. పెద్ద చదువు లేని నాకే, మంచం పక్కన కూర్చుని మోసపోయిన నాకే తట్టలేదు.

"ఆ ఎనిమిది దినాలు" అందామె, "ఆయన ఒర్లుతుంటే నేను కొబ్బరినీళ్లు పట్టిచ్చిన. గ్లూకోజు పట్టిచ్చిన. ఐతారం నాడు ఏదో చెప్పవోతే కొడుకు నడుమల మాట మార్చిండు, తర్వాత నొప్పిల ఆయన మాటే తెల్వకపాయె. బలం తక్కువైంది, అందుకే అనుకున్న. పోతున్నడని తెలిస్తే నీళ్లు పట్టకుండ పక్కన పండుకుందును గద. నలభై మూడేండ్లు పండుకున్న."

తప్పైందమ్మా అన్నాను. కాళ్లకు మొక్కబోతే వెనక్కి జరిగింది. కోపంతో జరిగినట్టు లేదు, నన్ను ముట్టుకోవడం ఇష్టం లేనట్టు ఉంది. కొంగు సర్దుకుని లేచింది. ఆటో దాకా వెంట నడిచాను. ఎక్కే ముందు, "ఇప్పుడు తెల్సుకొని ఏం చేద్దు? గాజులేసుకుంటే కొడుకు ఇంట్లకు రానియ్యడు" అని, ఆటోవాలాకు "పో" అని చెప్పింది. మళ్లీ నేను ఆమెను చూడలేదు.

ఆ సాయంత్రం మానేస్తానని నర్సమ్మకు చెప్పాను. ఆమె వద్దనలేదు. "రేపు పొద్దున ఇద్దరికి కట్లు మార్చాలి. అవి మార్చి మానెయ్" అంది. మార్చాను. ఎల్లుండి ఇంకొకరు ఉన్నారు. మానేసే రోజు అట్లాగే దొరకకుండా పోయింది. ఇది పిలుపు అనీ, భగవంతుడు పెట్టిన పని అనీ కొందరంటారు. నన్నెవరూ పిలవలేదు. రావాల్సినవాళ్లు రాని ఇళ్లు ఉన్నాయి, అంతే.

నర్సమ్మకు మోకాళ్లు పోయాయి. రెండేళ్లుగా తమ ఊళ్లోనే ఉంటోంది. ఫోన్‌లో అడిగితే సలహా చెబుతుంది. కొత్తగా వచ్చిన ఇద్దరు ఆడపిల్లలకు నేనే నేర్పుతున్నాను. పుండు మీద చల్లే పొడి మొదటి రోజే నేర్పుతాను. ఇప్పుడు ఏ ఇంటికి పోయినా ముందు రోగి గదికి పోను. వంటింట్లోకి పోతాను. పీట లాక్కుని కూర్చుని, అక్కడున్న ఆడవాళ్లను, మీకేం చెప్పారని అడుగుతాను. ఎక్కువ ఇళ్లలో వాళ్లకూ ఏమీ చెప్పి ఉండరు.

పోయిన వారం బసవకళ్యాణ్ దారిలో ఒక ఇంటికి పోయాం. తల్లికి జబ్బు. పెద్దకొడుకు గేటు దగ్గరే ఆపి ఆ పాత మాటే చెప్పాడు. నేను విని, "సరే అన్నా, మీరు చెప్పకుండ్రి. నేను గూడ నా అంతట నేను చెప్ప. ఆమె అడిగిన దినం మాత్రం మీరందరు ఆ రూంల ఉండాలె. అట్లయితేనే లోపలికొస్త" అన్నాను. ఒప్పుకున్నాడు. నాలుగో రోజే ఆమె అడిగింది. ఫోన్ చేస్తే చిన్నకొడుకు, ఇద్దరు కోడళ్లు, ఆమె చెల్లెలు వచ్చి మంచం చుట్టూ కూర్చున్నారు. పెద్దకొడుకు కూడా వచ్చాడు. తల్లి మొహం చూశాడు, మా మొహాలు చూశాడు, చెప్పులేసుకుని బయటికి నడిచాడు. మోటార్‌సైకిల్ రెండుసార్లు కొట్టాక స్టార్టయింది. ఆ చప్పుడు గల్లీ మలుపు దాటింది. తర్వాత ఆ తల్లి, "వాన్ని పోనియ్యి. నువ్వు చెప్పు" అంది.

చెప్పడం మొదలుపెట్టాను.